ప్రైవసీ పాలసీ అప్రూవల్ కోసమా, చదివేవాళ్ల కోసమా?

మొన్నటి దాకా నా సైట్‌లో కాలిఫోర్నియా వాళ్లకు హక్కులు ఉన్నాయి. మా చెల్లెకు లేవు.

జోక్ కాదు. నా సైట్ ప్రైవసీ పాలసీ పేజీలో కాలిఫోర్నియాలో ఉండేవాళ్ల హక్కుల మీద రెండు పెద్ద పేరాలు ఉండేవి. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల డేటాకు సంబంధించిన చట్టం మీద ఇంకో పేరా. అంతా ఇంగ్లీషే. నేనేమో ఆదిలాబాద్ జిల్లా బోథ్ వాణ్ని. నా సైట్‌లో ఉండేవి తెలుగులో బడ్జెట్ ఫోన్ల రివ్యూలు, ఉద్యోగ నోటిఫికేషన్లు. చదివేవాళ్లు బోథ్, ఇచ్చోడ, నేరడిగొండ, నిర్మల్, కరీంనగర్ పిల్లలు. వాళ్ల గురించి ఆ పేజీలో ఒక్క వాక్యం లేదు.

ఎందుకంటే ఆ పేజీ వాళ్ల కోసం పెట్టింది కాదు. యాడ్స్ అప్రూవల్ కోసం పెట్టింది. చిన్న సైట్లు నడిపే మనలో చాలామంది చేసేది ఇదే. ఇది తప్పు అని చెప్పడానికే ఈ ఆర్టికల్. ముందు నా తప్పుతోనే మొదలుపెడతా.

పది నిమిషాల పాలసీ

2018లో నేను బీటెక్ సెకండ్ ఇయర్. గూగుల్ యాడ్‌సెన్స్‌కు తెలుగు సపోర్ట్ వచ్చింది ఆ ఏడాదే. హిందీకి 2014లోనే వచ్చింది, మనకు నాలుగేళ్లు ఆలస్యం. అప్పటిదాకా తెలుగులో రాసేవాళ్లకు యాడ్స్ డబ్బులు అంటే అందని ద్రాక్షే. హాస్టల్‌లో సగం మంది సైట్లు మొదలుపెట్టారు. నేనూ పెట్టాను.

నేను అప్లై చేసిన యాడ్ నెట్‌వర్క్ పేరు వద్దు గానీ, రెండుసార్లు రిజెక్ట్ అయింది. "అరె, ప్రైవసీ పాలసీ పేజీ లేదు కదరా" అన్నాడు మా సీనియర్ ఒకాయన. ఆన్‌లైన్‌లో ఫ్రీ జనరేటర్ దొరికింది. సైట్ పేరు, మెయిల్ ఐడీ కొట్టాను, కాపీ చేశాను, పేస్ట్ చేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. చదివానా అంటే, లేదు. మూడోసారి అప్రూవల్ వచ్చింది. ఆ పేజీని మళ్లీ ఏడేళ్ల దాకా తెరవలేదు.

కొన్నాళ్లకు అడ్రస్ వెరిఫికేషన్ పిన్ పోస్టులో ఇంటికి వచ్చింది. పోస్ట్‌మ్యాన్ కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "విదేశం నుంచి నీకు ఉత్తరమా?" అన్నాడు. అప్పుడు గర్వంగా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే వేరే విషయం తడుతోంది. నేను బోథ్‌లో ఉన్నది నిజమా కాదా అని ఉత్తరం పంపి మరీ చూసుకున్నారు. నా పాలసీలో రాసింది నిజమా కాదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

"అన్నా, బాపు అప్పు కోసం చూస్తుండా?"

నేనిప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. సైట్ మాత్రం ఆపలేదు. పోయిన వానాకాలం ఇంటికి వెళ్లినప్పుడు చెల్లె ఫోన్ కొనిపించుకోవాలని నా రివ్యూలే చదువుతోంది. ఇంటర్ సెకండ్ ఇయర్, 17 ఏళ్లు. తనకింకా సొంత ఫోన్ లేదు. చేతిలో ఉన్నది బాపు ఫోన్, అందులో ఉన్నది బాపు జీమెయిల్.

పదిహేను వేల లోపు ఫోన్ల లిస్టు మధ్యలో లోన్ యాడ్ వచ్చింది. కింద ఇంకోటి. ఇంకో పేజీ తెరిస్తే మళ్లీ అదే. చెల్లె తల ఎత్తి మెల్లగా అడిగింది: "అన్నా, బాపు అప్పు కోసం చూస్తుండా?"

చూశాడు. పత్తి పెట్టుబడి కోసం. రాత్రి అడిగితే చెప్పాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దనుకున్నాడట.

ఆ యాడ్ బాపు వెతికినందుకే వచ్చిందని నేను నిరూపించలేను. లోన్ యాడ్స్ ఊరికే కూడా వస్తాయి. కానీ అలా వచ్చే ఏర్పాటు నా సైట్‌లో ఉన్నది నిజం. బాపు దాచుకున్న ముచ్చటను కూతురి ముందు పెట్టిన పేజీ నాది. ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న లింక్ తెరిస్తే "మీ వ్యక్తిగత సమాచారాన్ని మేం ఎవరితోనూ పంచుకోం" అని ఇంగ్లీషులో ఉంది. కింద నా పేరే ఉంది.

పేజీ తెరిచినప్పుడు ఏం జరుగుతుంది?

ఈ సైట్ చదివేవాళ్లకు కుకీ అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఒకసారి చూద్దాం. మీరు పేజీ తెరవగానే యాడ్ స్లాట్ ఒక రిక్వెస్ట్ పంపుతుంది. అందులో మీరు ఏ పేజీలో ఉన్నారు, ఐపీ అడ్రస్, ఫోన్ మోడల్, బ్రౌజర్ వివరాలు, ఇంతకుముందు పెట్టిన కుకీ ఉంటే దాని ఐడీ వెళ్తాయి. అక్కడ వేలంపాట నడుస్తుంది. మీ మీద ఎక్కువ పాడుకున్న కంపెనీ యాడ్ వచ్చి కూర్చుంటుంది. ఇదంతా మన ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌లో వేలంలాగే. తేడా ఏంటంటే ఇక్కడ సెకనులోపు అయిపోతుంది, అమ్ముడయ్యేది మీ చూపు.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో నా సైట్ తెరిచి ఎఫ్12 నొక్కాను. నెట్‌వర్క్ ట్యాబ్, అప్లికేషన్ ట్యాబ్ చూశాను. యాడ్స్, ఎనలిటిక్స్ ఉంటాయని తెలుసు. తెలియనివి కూడా ఉన్నాయి. ఎప్పుడో పెట్టి మర్చిపోయిన షేర్ బటన్ల ప్లగిన్. "నోటిఫికేషన్స్ ఆన్ చేయండి" అని అడిగే పుష్ సర్వీస్. రివ్యూల్లో ఎంబెడ్ చేసిన వీడియోలు. ప్రతిదీ వేరే ఎవరికో కబురు పంపుతోంది. వీటిలో ఒక్కటి కూడా నా పాలసీలో లేదు. పాలసీలో ఉన్న న్యూస్‌లెటర్ ఏమో నా సైట్‌లో లేదు!

మీకు సైట్ ఉంటే ఇదే పని ఈ రోజే చేయండి. ల్యాప్‌టాప్ లేకపోతే ది మార్కప్ అనే సంస్థ 2020లో తెచ్చిన బ్లాక్‌లైట్ టూల్ ఉంది. ఫోన్‌లో తెరిచి మీ సైట్ అడ్రస్ కొడితే ట్రాకర్ల లెక్క చెప్తుంది.

నెట్‌వర్క్‌లు అడిగేది ఏంటి?

ఇది కొత్త రూల్ అనుకునేవాళ్లున్నారు. కాదు. మనం చూసిన సైట్లను బట్టి యాడ్స్ చూపించే పద్ధతిని గూగుల్ 2009లో తెచ్చినప్పుడే, పాలసీలు మార్చుకోమని యాడ్‌సెన్స్ సైట్లకు చెప్పింది. అడిగేవి ఇప్పటికీ దాదాపు అవే. గూగుల్‌తో పాటు మూడో పార్టీ కంపెనీలు కుకీలు వాడతాయని చెప్పాలి. యూజర్ ఇంతకుముందు ఈ సైట్‌కో వేరే సైట్లకో వెళ్లినదాన్ని బట్టి యాడ్స్ వస్తాయని చెప్పాలి. అవి వద్దనుకుంటే ఎక్కడ ఆఫ్ చేసుకోవాలో చెప్పాలి. అంతే. నాలుగు వాక్యాల పని. దాన్ని మనం మూడు వేల పదాల ఇంగ్లీషు అడవి చేసి పెట్టాం.

యూరప్‌లో కథ వేరు. అక్కడ 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అమల్లో ఉంది. 2024 జనవరి నుంచి యూరప్, బ్రిటన్ యూజర్లకు పర్సనలైజ్డ్ యాడ్స్ చూపించాలంటే సర్టిఫై అయిన కన్సెంట్ బాక్స్ ఉండాల్సిందేనని గూగుల్ పెట్టింది. దాంతో ఏమైందో చూడండి. లండన్‌లో ఉండే మన తెలుగాయన నా సైట్ తెరిస్తే "మీ డేటా వాడుకోవచ్చా?" అని బాక్స్ వస్తుంది. వాళ్లమ్మ బోథ్‌లో అదే పేజీ తెరిస్తే ఏ బాక్సూ రాదు. సైట్ ఒకటే, రాసింది ఒకడే. కొడుకును అడుగుతున్నాం, తల్లిని అడగట్లేదు. అక్కడ చట్టం అడిగింది కాబట్టి నెట్‌వర్క్ అడిగింది, నెట్‌వర్క్ అడిగింది కాబట్టి మనం పెట్టాం. మనంతట మనం ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మన చట్టం కూడా వస్తోంది

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. అసలు బాధ్యతలు చాలావరకు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి.

నేను లాయర్‌ని కాదు. కానీ చట్టం చదివితే రెండు విషయాలు సూటిగా మనకే తగులుతాయి.

ఒకటి, భాష. అనుమతి అడిగేటప్పుడు అర్థమయ్యే భాషలో అడగాలి. ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేంట్లో గానీ చూసుకునే వీలు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. మా బోథ్ చుట్టుపక్కల గూడేల్లో మాట్లాడే గోండి లేదు, తండాల్లో మాట్లాడే లంబాడీ లేదు. చట్టమే వాళ్లను వదిలేసింది. అందుకే దీనికి చట్టం ఒక్కటే సరిపోదు అంటున్నా.

రెండు, వయసు. ఈ చట్టంలో పిల్లలంటే 18 ఏళ్లలోపు వాళ్లు. పిల్లలను ట్రాక్ చేయడం, వాళ్లకు గురిపెట్టి యాడ్స్ చూపించడం కుదరదు. పిల్లల విషయంలో నిబంధనలు తప్పితే జరిమానా 200 కోట్ల దాకా వెళ్లొచ్చు. మనలాంటి వాళ్ల మీద అంత వేస్తారని నేను అనుకోను. కానీ ఒక్కసారి మీ రీడర్లు ఎవరో గుర్తు తెచ్చుకోండి. ఫోన్ రివ్యూలు, ఇంటర్ రిజల్ట్స్, గేమింగ్ టిప్స్ చదివేది ఎవరు? సగం మంది 16, 17 ఏళ్ల పిల్లలే. నా జనరేటర్ పాలసీ మాత్రం "13 ఏళ్లలోపు వాళ్ల డేటా తీసుకోం" అని అమెరికా లెక్క చెప్తోంది.

"18 ఏళ్లలోపు వాళ్లకు టార్గెటెడ్ యాడ్స్ ఆపేస్తామని గూగుల్ 2021లోనే చెప్పింది కదా" అంటారు. నిజమే. కానీ అది అకౌంట్‌లో ఉన్న వయసును బట్టి. మా ఇంట్లోలాగా ఫోన్ బాపుది, అకౌంట్ బాపుది, చదివేది చెల్లె అయితే? అకౌంట్ ప్రకారం ఆమెకు యాభై ఏళ్లు. ఒక ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడుకునే మన ఊళ్ల సంగతి ఆ సెట్టింగ్‌కు తెలియదు. మనకు తెలుసు.

"ఎవడు చదువుతాడన్నా?"

ఫ్రెండ్స్‌తో ఈ మాట ఎత్తితే మూడు జవాబులు వచ్చాయి.

మొదటిది, "పాలసీ ఎవడు చదువుతాడన్నా?" చదవరు, ఒప్పుకుంటా. కానీ మనం చదవలేని విధంగా రాసి, చదవట్లేదని వాళ్లను అంటే ఎలా? ఫోన్ బాక్స్ మీద స్పెసిఫికేషన్లు అందరూ చదవరు. అయినా అక్కడ 8 జీబీ అని రాసి లోపల 6 జీబీ పెడితే మనమే ఉతికి ఆరేస్తాం. పాలసీ మన సైట్ స్పెక్ షీట్. అందులో అబద్ధం ఉంటే చదివినా చదవకపోయినా అబద్ధమే.

రెండోది, "డేటా తీసుకునేది నెట్‌వర్క్, మనం కాదు." ఇందులో సగం న్యాయం ఉంది. యాడ్‌సెన్స్‌లో కన్సెంట్ సెట్టింగ్స్ తెరిస్తే యాడ్ పార్ట్‌నర్ల లిస్ట్ వందల్లో ఉంటుంది. వాళ్లెవరో నాకు తెలియదు. లాభంలో పెద్ద నిర్ణయాలు వాళ్లవి, పేజీ అడుగున సంతకం మాత్రం చిన్న సైట్ వాడిది. ఈ ఏర్పాటు నాకూ నచ్చలేదు. మూడో పార్టీ కుకీలే తీసేస్తామని క్రోమ్ 2020లో చెప్పింది, 2024లో ఆ ఆలోచన మానుకుంది. సఫారీ 2020లోనే బ్లాక్ చేసింది. అంటే పెద్దవాళ్లు వాళ్ల లెక్కలు చూసుకుని మారుస్తుంటారు. కానీ ఆ కోడ్ నా సైట్‌లోకి తనంతట తాను నడిచి రాలేదు. పేస్ట్ చేసింది నేను. తలుపు తీసింది నేనే అయినప్పుడు లోపలికి ఎవరొచ్చారో చెప్పే బాధ్యత నాదే.

మూడోది గట్టి ప్రశ్న. "నీకు ఉద్యోగం ఉంది కాబట్టి నీతులు చెప్తున్నవ్. ఆ డబ్బులతోనే ఇల్లు నడిచేటోడు ఏం చేయాలె?" దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. పర్సనలైజ్డ్ యాడ్స్ ఆపాక నా సైట్ సంపాదన మొదటి నెలలో దాదాపు మూడో వంతు తగ్గింది. నాకు అది నెట్ బిల్లు, డొమైన్ ఖర్చు. ఇంకొకరికి అది కిరాయి. వాళ్లను ఆపేయమని అనను. కానీ నిజం రాయడానికి రూపాయి ఖర్చు లేదు. యాడ్స్ ఉంచండి, అవి ఎలా వస్తాయో తెలుగులో చెప్పండి. కనీసం అంతవరకైనా అందరం చేయొచ్చు.

నేను ఏం మార్చాను

ముందు వాడని ప్లగిన్లు, పుష్ నోటిఫికేషన్లు తీసేశాను. సైట్ స్పీడ్ కూడా పెరిగింది, అది బోనస్. కాంటాక్ట్ ఫారంలో ఫోన్ నంబర్ అడిగేది తీసేశాను. ఎందుకు అడుగుతున్నానో నాకే తెలియదు.

యాడ్‌సెన్స్ బ్లాకింగ్ కంట్రోల్స్‌లో పర్సనలైజ్డ్ యాడ్స్ ఆఫ్ చేసే ఆప్షన్ ఉంది, ఆఫ్ చేశాను. అక్కడే సెన్సిటివ్ కేటగిరీలు కూడా ఉంటాయి. లోన్లు, త్వరగా డబ్బు సంపాదించే స్కీములు బ్లాక్ చేశాను. ఒక జాగ్రత్త: పర్సనలైజ్డ్ ఆఫ్ చేస్తే కుకీలు మొత్తం పోతాయి అనుకోవద్దు. ఒకే యాడ్ ఎన్నిసార్లు చూపించాలి, దొంగ క్లిక్‌లు ఎలా పట్టుకోవాలి అన్నవాటికి కుకీలు ఇంకా వాడతారు. ఆ మాట కూడా పాలసీలో రాయాలి.

తర్వాత పాత పేజీ మొత్తం తీసేసి తెలుగులో రాశాను. అసలు భాగం ఇదీ:

"ఈ సైట్‌కు యాడ్స్ వల్ల డబ్బులు వస్తాయి. ఆ యాడ్స్ గూగుల్, దాని పార్ట్‌నర్ కంపెనీలు చూపిస్తాయి. అందుకోసం మీ ఫోన్‌లో కుకీలు పెడతాయి. మీరు వేరే సైట్లలో ఏం చూశారో దాన్ని బట్టి యాడ్స్ చూపించే సెట్టింగ్‌ను ఈ సైట్‌లో ఆపేశాం. అయినా యాడ్స్ లెక్కల కోసం, మోసాలు ఆపడం కోసం కుకీలు ఉంటాయి. వేరే సైట్లలో కూడా అలాంటి యాడ్స్ వద్దనుకుంటే మీ గూగుల్ అకౌంట్‌లో మై యాడ్ సెంటర్‌కు వెళ్లి ఆఫ్ చేసుకోవచ్చు. ఎంతమంది చదివారో తెలుసుకోవడానికి ఎనలిటిక్స్ వాడతాం. మీరు మెయిల్ పంపితే అది నా దగ్గరే ఉంటుంది. తీసేయమంటే తీసేస్తా."

మీరు పర్సనలైజ్డ్ యాడ్స్ ఉంచుకుంటే నాలుగో వాక్యం దానికి తగ్గట్టు మార్చండి. నాది కాపీ కొట్టి అలాగే పెట్టొద్దు, మళ్లీ అదే తప్పు అవుతుంది. మీ సైట్‌లో ఉన్నది మీరు రాయండి. పాత ఇంగ్లీషు పేజీ కావాలంటే ఉంచుకోండి, అబద్ధాలు తీసేసి. కొత్త ప్లగిన్ పెట్టిన రోజే పేజీలో ఒక లైన్ కలపండి, పైన తేదీ మార్చండి.

ఇంకోటి చేశాను. దాన్నే నిమిషం లోపు వాయిస్ రికార్డు చేసి పేజీ పైన పెట్టాను. చదవడం కష్టమైనవాళ్లు వింటారు. గోండిలో ఒకటి చేసివ్వమని మాతో బడిలో చదువుకున్న దోస్తును అడిగాను, సరే అన్నాడు. దీన్ని ఏ నెట్‌వర్కూ అడగలేదు, ఏ చట్టమూ అడగలేదు.

పేజీ అయ్యాక మొదట చెల్లెకు, బాపుకు చూపించా. బాపు వాయిస్ రెండుసార్లు విని, "ఇది ముందే చెప్పొచ్చు గదరా" అన్నాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి మై యాడ్ సెంటర్ ఎక్కడుందో చూపించమన్నాడు. ఆఫ్ చేసి ఇచ్చాను.

ఏడేళ్లలో నా ప్రైవసీ పాలసీ చదివి, దాని వల్ల ఒక సెట్టింగ్ మార్చుకున్న మొదటి మనిషి మా బాపు.